అంచు అరగదీయవద్దు

సుంగై పెటాని,
12 ఆగస్టు 2024.

చిరంజీవి గణేశన్‌కు,

నీకూ రాగిణికీ మీ బావ ఆశీస్సులు. నేను బాగానే ఉన్నాను. వంట నేర్చుకుంటున్నాను. రసం కుదురుతోంది, అన్నమే ఇంకా నా మాట వినడం లేదు. హుటాన్ మెలింటాంగ్‌లో వానలు తగ్గాయా? నీ షెడ్డుకు మరమ్మతు పడవలు వస్తున్నాయా?

నిన్న ఫోనులో నిన్ను నొప్పించాను. వచ్చే ఆదివారం బొమ్మ పడవల క్లబ్బువాళ్లు మీ అక్క జ్ఞాపకార్థం పెడుతున్న పందెంలో ఆమె ఎయిర్‌బోటు వెనకబడకూడదని నీ ఆరాటం. అందుకే దాన్ని ఇంటికి తీసుకెళ్లావు. 'అక్కకి ఆకర్ని ఓపిక నేకపోయినాది బావా, సుక్కానులు అంచులు మొద్దుగా వొదిలేసినాది. ఉప్పు కాగితం పెట్టి పల్చగా సేసేస్తాను లా' అన్నావు. నేను వద్దన్నాను. 'ఏటి బావా, ఎందుకు?' అని నువ్వు అడిగితే జవాబివ్వకుండా ఫోను పెట్టేశాను. అరిగిన చెక్క మళ్లీ రాదు. నోటితో చెప్పలేకపోయింది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. ఆ చుక్కానులు జబ్బులో చేసినవి కావు. జబ్బు బయటపడడానికి చాలా ముందే చేసింది. నాగవల్లి ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదని నాకంటే నీకే బాగా తెలుసు.

ఆ పడవను మొదటిసారి చూసినప్పుడు నువ్వు ఎంత నవ్వావో! 'సుక్కాని నీళ్లల్లో నేదేటక్కా? గాలికి ఎత్తి కట్టినావు, ఇది పడవా గాలిపటమా?' అన్నావు. 'నీ సేపల పడవ కాదురా తమ్మీ. ఎనక ఫ్యాను తోస్తాది, ఆ గాలే సుక్కానికి తగిలి తిప్పుతాది. నాచు మీద నించి కూడా పోతాది. నీ పడవ పోతాదేటి?' అని రిమోటు నీ చేతికిచ్చింది. మలుపు దగ్గర నువ్వు అలవాటు కొద్దీ వేగం తగ్గించావు. జెట్టీ దగ్గర మీరంతా చేసేది అదే. ఫ్యాను నెమ్మదించింది, చుక్కానికి గాలి అందలేదు, పడవ తిన్నగా వెళ్లి గట్టు మీది గడ్డిలో దూరింది. 'తిరగాలంటే గాలి పెంచాలిరా, తగ్గిస్తే సుక్కాని సచ్చినట్టే లా' అని ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది.

నేను బడిలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. తిన్నగా ఒక గీత గీయడం కూడా రాదు. ఆమె పగలు ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ అచ్చుల డ్రాయింగులు గీసి, సాయంత్రం ఇంట్లో చుక్కానులు గీసేది. మొదటివి వీధి స్తంభాలకు కట్టే ట్యూషన్ ప్రకటనల ప్లాస్టిక్ అట్టతో కోసింది. ఒకదాని మీద లెక్కల మాస్టారి సగం మొహం ఉండేది. మొదట ఒకటే చుక్కాని, నడుమ పెట్టింది. ఫ్యాను నట్టనడుమ వెనక గాలి మందమని కనిపెట్టి, దాన్ని తీసేసి, ఎడంగా రెండు పెట్టింది. వాటికి కుట్టు దారం ముక్కలు అంటించి టేబుల్ ఫ్యాను ముందు తిప్పి చూసేది. కొంతవరకు దారాలు చుక్కానిని అంటుకునే ఉండేవి. మరీ తిప్పితే చెదిరి ఎగిరేవి. అక్కడి నుంచి చుక్కాని పడవను తిప్పదు, ఊరికే గాలికి అడ్డం పడుతుంది. అంతకుమించి తిరగకుండా దాన్ని తిప్పే కడ్డీ పొడవు సరిచేసేది. నేను పక్కన కూర్చుని చూసేవాణ్ణి. అంతకంటే మంచి సాయంత్రాలు నాకు తెలియవు.

ఆమె పాత చుక్కానులన్నిటికీ అంచులు ఆకులా పల్చగా ఉండేవి. వేలు కదిలితే చాలు, పడవ తిరిగేది. క్లబ్బులో ఎప్పుడూ గెలిచే కరుప్పయ్య కూడా ఆమె దగ్గరే నమూనా అట్ట అడిగి తీసుకునేవాడు. 'గెలిస్తే కప్పు నీది, సుక్కాని నాది' అని ఇచ్చేసేది.

తర్వాత ఈ ఆఖరి జత చేసింది. పోయిన ఏడాది పందెంలో ప్రతి మలుపులోనూ పడవ ఆలస్యంగా తిరిగింది. మీ బోటు నిద్రపోతోందక్కా అని కరుప్పయ్య తమిళంలో ఎగతాళి చేశాడు. 'పాతయ్యే మేలు లా' అని నువ్వూ అన్నావు. 'దాన్ని నిద్దరోనియ్యండిరా, మీకేటి?' అంది. అందరికంటే వెనక వచ్చింది. ఇంటికెళ్లే దారిలో చల్లటి చెండోల్ తాగుతూ పాట కూడా పాడింది. మీ అక్క ఓడిపోయి సంతోషంగా ఉండడం నువ్వు అంతకు ముందు ఎప్పుడైనా చూశావా?

అంచులు గుండ్రంగా ఉండాలనే అలా చేసింది. ఆమె చేసిన చుక్కానుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేవి అవే. వాటిని ముట్టుకోకు. ఎలా ఉన్నాయో అలాగే తీసుకురా.

రాగిణిని కూడా వెంటబెట్టుకుని రా. రసం పెడతాను.

ఇట్లు,
మీ బావ,
దొరసామి

తా.క. ఇంతటితో ఆపుదామనుకున్నాను. కారణం చెప్పకుండా నీ చేయి పట్టుకుని ఆపడం న్యాయం కాదు.

నా కుడి చేయి వణుకుతోంది గణేశన్. రెండేళ్లుగా. డాక్టరు దానికి ఒక పేరు చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని మీ అక్క దగ్గర మాట తీసుకున్నాను. అప్పట్లో ఒకసారి చెరువు దగ్గర రిమోటు నాకిస్తే పడవ పాములా మెలికలు తిరిగింది. మళ్లీ ఇవ్వబోతే తీసుకోలేదు. ఆమె ఇంటికొచ్చి మందపాటి చెక్కతో ఈ జత చేసి, అంచులు గుండ్రంగా తీర్చింది. అలాంటి అంచున్న చుక్కాని చిన్న కదలికను లెక్కచేయదు. బాగా తిప్పితేనే వింటుంది. చేతి వణుకు పడవ దాకా చేరదు. ఒక ఉదయం ఎవరూ లేనప్పుడు నా చేత నడిపించింది. పడవ అటు గట్టు దాకా తిన్నగా వెళ్లింది.

పందేనికి పాత చుక్కానులు బిగించుకోమని చెప్పాను. 'మాటిమాటికీ విప్పితే సీలలు వదులైపోతాయి. మీరు నడిపినప్పుడు ఊగుతాది' అని ఒప్పుకోలేదు. మీరంతా నవ్వుతుంటే తానూ నవ్వింది కానీ, నా సంగతి చెప్పలేదు.

ఈ ఉత్తరం చేత్తో రాయక టైపు చేసిందీ అందుకే.

ఆదివారం పడవ నేను నడుపుతాను. నువ్వు నా పక్కన నిలబడు. చేయి వణకడం చూసి రిమోటు అందుకోబోకు.