రెండు ముళ్లూ చెప్పిన అబద్ధం

మా ఇంటి జడ్జి అక్కకి,

కోపం తగ్గిందా? తగ్గకపోయినా చదువు. నువ్వు కారు తాళాలు పట్టుకుపోయినప్పటి నుంచి నాన్న కారు వైపే వెళ్లడం లేదు. బడి బస్సు నడిపి రిటైరైన మనిషి, ఇప్పుడు ఎక్కడికైనా నడిచే పోతున్నాడు. రెండుసార్లు పెట్రోలు అయిపోయి నడిరోడ్డు మీద ఆగిపోయిన మాట నిజమే. పైగా, "పావు ట్యాంకు ఉంది, ముల్లు నా కళ్లతో చూశాను" అని మనతో వాదించాడు. మతిమరుపు మొదలైందని నువ్వన్నావు, నేనూ తలూపాను. కానీ ఇప్పుడు నాన్న కూడా నమ్మేశాడక్కా. నిన్న భోజనమయ్యాక, "నేను మాత్ర వేసుకున్నానా?" అని అడిగాడు. వేసుకుని అప్పటికి నిమిషం కూడా కాలేదు. తనకీ తెలుసు, నన్నడిగి ఖాయం చేసుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇంకో సంగతి. ఆ పాతకారులో ఇంజన్ వేడి చూపించే ముల్లు కూడా ఈమధ్య పైపైనే తిరుగుతోందట. రేడియేటరు మాత్రం ఒక్కసారీ పొంగలేదట. ఒక ముల్లు పాడైందంటే సరే. రెండూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి ఎక్కువ చూపించడమేమిటి? ఇది చెవిలో జోరీగలా తిరుగుతోంది. తేల్చేదాకా నాకు అన్నం సయించదు.

నీ తోక

జడ్జిగారూ,

కేసు తిరగబడింది. నాన్నని బతిమాలి కారు దగ్గరికి తీసుకెళ్లాను. తాళం లేకపోతేనేం, డ్రైవరు వైపు తలుపుకి తాళం ఎలాగూ పడదు. "నాకేం గుర్తుంటుందిలే" అని గొణిగాడు. నేను స్టీరింగు కింద తీగల కట్ట లాగేసరికి మాత్రం, "ఏయ్, ముట్టుకోకు! గోధుమరంగుది బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. తెల్లది ఇగ్నిషన్‌కి పోతుంది. ఆ రెండూ కలిపితే తాళం తిప్పినట్టే" అన్నాడు. ఒక్క రంగూ మరిచిపోలేదు.

కలిపాం. పెట్రోలు ముల్లు మెల్లగా లేచి పావు దగ్గర ఆగింది. ట్యాంకులో పుల్ల ముంచితే కొసన కాస్త తడి, అంతే! మీటర్ల వెనక అగ్గిపెట్టెంత డబ్బా ఒకటుంది. కరెంటు తగ్గించి రెండు మీటర్లకీ పంచేది అదేనట. దాని ఒళ్లు కారు రేకుకి తగులుతూ ఉండాలి. తగలకపోతే బ్యాటరీ కరెంటంతా తగ్గకుండా పోయి, రెండు ముళ్లూ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. డబ్బాకీ బోసి రేకుకీ మధ్య తీగముక్క ఆనించాను. ముల్లు నింపాదిగా దిగి ఖాళీ గీత మీద పడుకుంది. నాన్న చాలాసేపు దాన్నే చూశాడు. "అయితే నేను బాగానే ఉన్నానే" అని కళ్లు తుడుచుకున్నాడు.

మరి ఇన్నేళ్లు తగిలిన డబ్బా ఇప్పుడెందుకు తగలదు? స్క్రూ విప్పి చూశాను. కింద నీలం రంగు, నున్నగా, రెండు పూతలు. స్క్రూ కన్నంలో కూడా నిండిపోయింది. పోయిన సెలవుల్లో నాన్న మీటర్లు తుడవడానికి విప్పితే, వెనక రేకు తుప్పు పట్టిందని రంగు వేసింది నువ్వే కదక్కా! రంగు మీదుగా కరెంటు పోదు. "దానికి చెప్పకే, ఎంత ముద్దుగా వేసిందో" అన్నాడు నాన్న. నేను చెప్పేస్తున్నాను. తాళాలు పంపు.

నీ తోక

మా నాన్నకి,

చెల్లి ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత నీ మొహం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. నువ్వు చూశానన్నది నేనొక్కసారైనా వెళ్లి చూడలేదు. తప్పయిపోయింది నాన్నా. ఆ రంగు గీకేశావా? నాకోసమని ఉంచేస్తావేమో, గీకెయ్యి.

ఈ కవర్లో తాళాలున్నాయి. ఆదివారం పొద్దున రైలుకి వస్తున్నాను. ఆటో ఎక్కను. స్టేషనుకి నువ్వే కారు తీసుకురా, నేను పక్కసీట్లో కూర్చుంటాను. పెట్రోలు పోయించావా అని అడగను.

నీ పెద్దకూతురు