మూడు నడుములకు ఒకటే సూది

జిల్లా వైద్య, ఆరోగ్యశాఖాధికారి గారి సముఖమునకు, బూరుగుచెర్ల గ్రామ కాపురస్తుడు, ట్రాలీ ఆటో తోలుకుని జీవించు తాటిపర్తి రోశయ్య సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నడుము నొప్పితో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వచ్చు రోగులలో ఎవరికి ఎంత ప్రమాదమున్నదో విచారించకుండా అందరికీ ఒకే వైద్యం చేయుట గురించి, తద్వారా మా కుటుంబమునకు వాటిల్లిన నష్టము గురించి.

1. నేను మిరపకోతల కాలంలో కూలీలను చేలకు చేరవేస్తాను. నా భార్య పేరమ్మ కాయలు కోస్తుంది. ఆమె తమ్ముడు ప్రేమదాసు మా ఇంట్లోనే ఉంటూ మార్టూరు దగ్గర గ్రానైటు పాలిష్ చేసే యూనిట్లో రాతి పలకలు ఎత్తి దించే పని చేసేవాడు. "చేసేవాడు" అని రాయవలసి వచ్చినందుకే ఈ అర్జీ.

2. కిందటేడు కోతల సమయంలో కొద్ది రోజుల తేడాతో మా ముగ్గురికీ నడుము నొప్పి పట్టుకున్నది. నాది గుంటల రోడ్డు మీద ఆటో తోలినందువలన. పేరమ్మది పొద్దస్తమానం వంగి కాయ కోసినందువలన. ప్రేమదాసుది పలక జారబోతే పట్టుకున్నందువలన. ముగ్గురం మా ఆరోగ్య కేంద్రానికి పోయాము. డాక్టరుగారు తల ఎత్తలేదు. "నడుమా? ఇంజెక్షన్ చేయించుకో. రెస్ట్ తీసుకో. నెక్స్ట్!" అన్నారు. ముగ్గురికీ అదే సూది, అవే నొప్పి బిళ్ళలు, అదే గ్యాస్ బిళ్ళ. నాది తగ్గిపోయింది. సూది పొడవకపోయినా తగ్గేదని తరువాత తెలిసింది. కాబట్టి నా నడుము విషయమై ఫిర్యాదు ఏమియు లేదు. సూది దండగ అయినందుకు ప్రభుత్వం వారే బాధపడవలెను.

3. పేరమ్మ విషయం. సూదితో ఆమె నొప్పి తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. రెండోసారి పోయినప్పుడు ఆమె డాక్టరుగారిని ఒకే ఒక మాట అడిగింది: "కాళ్ళు పడిపోవు గదా సార్?" మా పేటలో ఒకావిడకు అట్లా పడిపోయాయి. ఆ భయం. డాక్టరుగారు జవాబు చెప్పేలోపు వెనకాల మనిషి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "పడిపోవమ్మా, మెల్లగా తిరుగుతూ ఉండు" అని ఆ రోజు ఎవరైనా అని ఉంటే మా కథ ఇంకోలా ఉండేది.

జవాబు కోసం టౌనులో ప్రైవేటు ఆసుపత్రికి పోయాము. స్కానింగు తీశారు. అక్కడి డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి, "డిస్క్ జారింది. పూసలు అరిగినై. ఇక వంగావంటే కాళ్ళు పోతాయి, చూసుకో" అన్నాడు.

పేరమ్మ చూసుకున్నది. ఆ రోజు నుంచి వంగలేదు. బెల్టు బిగించుకుని బల్ల మీద పడుకున్నది. తుమ్ము వస్తే గోడ పట్టుకునేది. ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి పొయ్యి దగ్గర కూర మాడిపోతున్నది. గరిటె కింద పడి ఉంది. ఆమె దాని వంక చూస్తూ నిలబడి ఉంది.

"తియ్యరాదా?" అన్నాను.

"తీసి మంచాన పడితే నువ్వు చేస్తావా నాకు?" అన్నది. అప్పటికే ఆమె మంచాన పడి ఉన్నదని నేను అనలేకపోయాను. కోతలు ముగిసి మళ్ళీ నాట్లు వచ్చాయి. కాలేజీకి పోయే ముందు ఇంటెడు చాకిరీ మా అమ్మాయి భానుశ్రీ మీద పడింది.

4. ప్రేమదాసు విషయం. ఇది రాయడం నాకు కష్టము. అయినా అతని అనుమతితో రాయుచున్నాను.

అతనికి నొప్పి తగ్గలేదు. బిళ్ళలు మింగి పనికి పోయేవాడు. తరువాత నొప్పి రెండు కాళ్ళలోకీ దిగింది. మళ్ళీ మన కేంద్రానికే పోయాడు, మళ్ళీ అదే సూది. ఒకరోజు యూనిట్ నుంచి నా ఆటోలో వస్తూ అన్నాడు:

"బావా, సీటు మీద కూర్చుంటే కూర్చున్నట్టే తెలియట్లా. కిందంతా మొద్దుబారిపోయింది."

"ఆ మాట డాక్టరుకు చెప్పు" అన్నాను.

మన కేంద్రంలో చెప్పుట ఎట్లాగో తమరు ఒకసారి వచ్చి చూడవలెను. ఒకే గది. స్టూలు మీద ఒకరు, వారి భుజం మీద చెయ్యి వేసుకుని మరొకరు. ఆ రోజు ప్రేమదాసు వెనక నిలబడింది మా వీధి ఆడవాళ్ళు. ఇతను పెళ్ళికాని వాడు.

"సార్, కింద స్పర్శ లేదు" అన్నాడు గొంతు తగ్గించి.

"కింద అంటే? కాలా?"

ప్రేమదాసు వెనక్కి చూశాడు. "ఆఁ" అన్నాడు.

"తిమ్మిరి. బలం బిళ్ళలు రాస్తున్నా. నెక్స్ట్!"

మరుసటి రోజుకు మూత్రం ఆగిపోయింది. వేడి చేసిందనుకుని కొబ్బరినీళ్ళు తాగాడు. బార్లీ తాగాడు. పొత్తికడుపు కుండలాగా ఉబ్బిన తరువాత నాకు చెప్పాడు. అదే ఆటోలో గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. దారిలో గుంట వచ్చినప్పుడల్లా అతను పెట్టిన కేక ఈ అర్జీలో రాయుటకు వీలుకాదు.

వెంటనే ఆపరేషన్ చేశారు. బయటికి వచ్చి ఆ డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. "నరాలన్నీ నలిగిపోయినాయి. స్పర్శ లేదన్నప్పుడే పంపించి ఉంటే చాలావరకు దక్కేది. కూర్చునే చోట మొద్దుబారిందా, ఒంటికి సరిగా వస్తోందా అని మీ ఊళ్ళో ఎవరూ అడగలేదా?"

"అడగలేదండి" అన్నాను.

5. అదే వార్డులో ప్రేమదాసుకు వాకరు పట్టుకుని నిలబడడం నేర్పుటకు నగ్మా అనే ఫిజియోథెరపీ మేడమ్ వచ్చేవారు. తమ్ముణ్ణి చూడటానికి వచ్చిన పేరమ్మ గుంజలాగా బిగదీసుకుని నిలబడటం ఆమె గమనించారు.

"ఏంటమ్మా, నడుమా?"

పేరమ్మ సంచిలోంచి స్కానింగు ఫిల్ము తీసింది. ఎక్కడికి పోయినా వెంట ఉంటుంది అది. మేడమ్ దానిని పక్కన పెట్టి ముందు మనిషిని అడిగారు. నొప్పి కాల్లోకి లాగుతోందా? ఒంటికి, రెంటికి ఇబ్బంది ఉందా? ఇది ఇక తగ్గదనిపిస్తోందా? వంగాలంటే భయమా?

భయమా అనేసరికి పేరమ్మ బావురుమన్నది.

మేడమ్ కాళ్ళు ఎత్తించి, తట్టి, గిల్లి అన్నీ చూశారు. "నీ నరాలు బాగున్నాయమ్మా. ఈ ఫిల్ములో ఉన్నది నీ వయసులో నొప్పి లేనోళ్ళకీ ఉంటుంది, జుట్టు నెరిసినట్టు. వంగితే నీ కాళ్ళు పోవు. నువ్వు వంగకే నీ నడుము కొయ్యబారింది."

ఒక్క మాటతో పోయేంత చిన్న భయం కాదు అది. ప్రేమదాసు దగ్గరకు వచ్చినప్పుడల్లా మేడమ్ ఈమెను కూడా కూర్చోబెట్టి మాట్లాడేవారు. మోకాలి దాకా వంగమనేవారు. మర్నాడు ఇంకొంచెం. పేరమ్మ వంగినట్టే వంగి లేచిపోయేది.

ఒకనాడు నేను టీ తేవడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి మంచం పక్కన వేలాడే మూత్రం సంచి నిండి ఉన్నట్టుంది. "బావను రానియ్యక్కా, నువ్వు వంగమాక" అంటున్నాడు ప్రేమదాసు. "ఊరుకోరా" అంటూ పేరమ్మ పూర్తిగా వంగి, సంచి మూత తిప్పి బకెట్లోకి వదులుతున్నది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నెలల తరబడి గరిటె తీయని మనిషి. నాకు సంతోషమో దుఃఖమో తెలియలేదు. ప్రభుత్వ భాషలో దీనికి మాట ఏదైనా ఉంటే తమకే తెలియవలెను.

6. ప్రస్తుతం పేరమ్మ మళ్ళీ కోతలకు పోతున్నది. నొప్పి ఉంది, పని ఉంది, మనిషి ఉంది. ప్రేమదాసు వాకరుతో అరుగు దాకా వస్తాడు. మూత్రం సంచి ఇంకా తీయలేదు. తీస్తారన్న నమ్మకం గుంటూరు వారు ఇవ్వలేదు. అక్కరలేని భయం అక్కకు దండిగా అందింది. భయపడవలసిన తమ్ముడికి బలం బిళ్ళ అందింది.

7. ఈ సంగతి మన కేంద్రం డాక్టరుగారికి చెప్పాను. ఆయన ఈసారి తల ఎత్తి చూశారు. తరువాత, "పొద్దున్నే వందమంది ఉంటారయ్యా. ఒక్కొక్కర్ని కూర్చోబెట్టి అడిగేదెప్పుడు? అడిగినా పంపడానికి ఫిజియో ఎక్కడుంది నాకు? సూదులు మాత్రం పెట్టెలకు పెట్టెలు వస్తాయి. పైకి రాసుకో" అన్నారు. కనుక పైకి రాయుచున్నాను.

కావున ప్రార్థించునది ఏమనగా, నడుము నొప్పి అని వచ్చినవారిని బిళ్ళకు ముందు నాలుగు మాటలు అడిగించవలెను. దానంతటదే తగ్గేవాడికి ధైర్యం చెప్పి పంపితే చాలు. భయంతో కొయ్యబారినవారిని కూర్చోబెట్టి మాట్లాడి వంగించగల మనిషిని వారానికి ఒక్క రోజైనా మా కేంద్రానికి పంపవలెను. కింద మొద్దుబారినవాణ్ణి అదే పూట పెద్దాసుపత్రికి తరలించవలెను. ఆ మాట మగవాడు గానీ ఆడది గానీ చెప్పుకొనుటకు ఒక తలుపు, తలుపు లేకపోతే ఒక గుడ్డ తెర ఏర్పాటు చేయించవలెను. మా ప్రేమదాసుకు ఇవి అక్కరకు రావని తెలిసే అడుగుచున్నాను. తమరు దయతో చిత్తగించవలెను.

ఇట్లు
తమ విధేయుడు
తాటిపర్తి రోశయ్య

తా.క.: సోమవారం అర్జీల రోజున దీనిని స్వయంగా తెస్తున్నాను. ప్రేమదాసు కూడా వస్తానంటున్నాడు. తమ ఆఫీసు మేడ మీద ఉందనీ, లిఫ్టు పనిచేయదనీ చెప్పాను. అయినా వస్తానంటాడు. గేటు దగ్గర నా ఆటోలోనే కూర్చుని ఉంటాడు సార్. ఒక్కసారి కిందికి దిగి రండి. ఎక్కడ మొద్దుబారిందో ఈసారి పేరు పెట్టి చెబుతాడట, చుట్టూ ఎంతమంది ఉన్నా సరే. మీరు అడిగితే చాలునట.