ఉప్పుబస్తా కింది రాయి

ముంచింగిపుట్టు, 1953 మాఘం, సంత రోజు

కొండ మీది ముసలి సోంబారి ఇవాళ ఉప్పు కొనుక్కుని, ఎప్పటిలాగే కొట్టు ముందు వంగి దండం పెట్టింది.

"వారం వారం ఎందుకే దండాలు? నేనేటి దేవుణ్ణా?" అని నవ్వాను.

"నీకు కాదు బాబూ, ఆ రాయికి," అంది.

ఉప్పుబస్తాకి చెమ్మ తగలకుండా కింద వేసిన పలకరాయి అది. ఆరేళ్ల క్రితం కొట్టు కట్టినప్పుడు గెడ్డ ఒడ్డున కనిపిస్తే నేనే మోయించుకొచ్చాను. వాళ్ల ఊరి దేవతట!

"మరి అప్పుడే సెప్పలేదేటే?"

"అమ్మోరిని అడిగే తెచ్చినావనుకున్నాం. అడక్కుండా ఎవులైనా ముట్టుకుంటారేటి?"

తిట్టినా బాగుండేది. ఉప్పు మూట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

సంత అయ్యాక బస్తా జరిపి చూశాను. ఆరేళ్ల ఉప్పునీటికి రాయి తెల్లగా పొట్టు లేచిపోయింది. చేత్తో తుడిస్తే ఇంకా రాలింది. రేపు కొండెక్కి ఇచ్చేద్దామా అంటే, ఈ మొహంతో ఉన్న అమ్మోరిని వాళ్ల ముందు ఎలా దించను?

ఇంకొకటి ఎవరితోనూ చెప్పుకోలేను. ఆ దండం నాకే అనుకుని, ఇన్నాళ్లూ గద్దె మీద కూర్చుని చెయ్యెత్తి దీవించాను.