కళ్ల డాక్టరని చెప్పమన్నాను

గురువారం, తాల్‌బగీచా

అమ్మ అలా చెప్పేస్తుందని కలలో కూడా అనుకోలేదు.

మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లినట్టు ఎవరికీ తెలియకూడదని, అడిగితే కళ్ల డాక్టరని చెప్పమని పొద్దున్నే అమ్మకు నేర్పాను. ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే, అబద్ధం నేర్పిందీ నేనే.

ఖరిదాలో డాక్టరుకు చూపించుకుని వచ్చి టోటో రిక్షా దిగగానే పక్కింటి నర్సమ్మ పిన్ని అడిగింది.

"ఏటి అక్కా, ఈ ఎండలో తల్లీకూతుళ్లు ఎక్కడికెల్లినారు?"

"మనసు డాక్టరు దగ్గరికి. దీనికి నిద్దర పట్టట్లేదు, ఊరికే ఏడుస్తంది. మందులిచ్చినాడు."

పిన్ని లోపలికెళ్లి తలుపేసుకుంది. రేపటికి వీధంతా నన్ను పిచ్చిదంటుందని అమ్మ మీద మండిపడ్డాను. అమ్మ చెప్పులు విడుస్తూ, "కళ్ల డాక్టరంటే రేపు కళ్లజోడేదని అడుగుద్ది. ఏటి సూపిస్తావే?" అంది.

దీపాలు పెట్టాక పిన్ని వచ్చింది. కొడుకు గణేష్ విశాఖలో ఉద్యోగంలో చేరాడని ఇన్ని నెలలుగా చెబుతున్న పిన్ని.

"ఆ డాక్టరు మగపిల్లల్ని కూడా సూస్తాడా అక్కా? మా గణేసు ఎక్కడికీ ఎల్లలేదు. వెనక గదిలోంచి బయటికి రాడు."

"సూస్తాడు. రేపే ఎల్దాం," అంది అమ్మ.

వాళ్ల వెనక గదంటే నా మంచం ఆనుకున్న ఈ గోడకు అవతలే. నా ఏడుపు అతనికి రోజూ వినబడే ఉంటుంది. అతనిది నాకెందుకు వినబడలేదు...