ఆకాశంలో ఘాట్ రోడ్డు

సాలూరు,
ఆగస్టు 4

ప్రియమైన లీలకు,

నేను బాగానే ఉన్నాను, లారీ కూడా. ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. అందుకే పెళ్లయిన ఏడాదిన్నరకు మొదటి ఉత్తరం.

నీ మస్కట్ టికెట్ చూశాను. విమానం హైదరాబాద్‌లో ఉదయం తొమ్మిదికి లేచి, పదీ నలభైకి అక్కడ దిగుతుందట. అంటే గంటా నలభై నిమిషాలు. తిరుగు విమానం వేళలు లారీ ఆఫీసులో నాగబాబు చూసిపెట్టాడు. అక్కడ మూడింటికి లేస్తే ఇక్కడ ఏడూ ఇరవై. నాలుగు గంటల ఇరవై నిమిషాలు! దారి అదే, రెండు వేల రెండొందల కిలోమీటర్లు. మన పాచిపెంట ఘాట్ దిగడానికి తక్కువ, ఎక్కడానికి ఎక్కువ పడుతుంది. ఆకాశంలోనూ ఘాట్ ఉందేమో. "ఎల్డం సులువేరా బెన్హరూ, రావడమే కష్టం" అన్నాడు నాగబాబు.

నర్సు ఉద్యోగం విజయనగరంలో ఉంది కదా. వెళ్లకు లీలా.

నీ బెన్హర్

విజయనగరం,
ఆగస్టు 9

ప్రియమైన బావకు,

ఆకాశంలో ఘాట్ లేదు. మస్కట్ గడియారం మనకంటే గంటన్నర వెనక. వెళ్లేటప్పుడు ఆ గంటన్నర కలుపు, వచ్చేటప్పుడు తీసెయ్. వెళ్లడానికి మూడు గంటల పది నిమిషాలు, రావడానికి రెండు గంటల యాభై. రావడమే తేలిక! హాస్టల్లో నా గదిలో ఉండే ప్రిస్కిల్లా, "మీ ఆయన లారీలో గడియారం ఉన్నాదా నేదా?" అని పడీపడీ నవ్వింది. నాకు కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

మస్కట్ ఉద్యోగానికి రాయాల్సిన నర్సుల పరీక్ష మొదటిసారి తప్పాను. రెండోసారి రోజంతా వార్డులో నిలబడి వచ్చి చదివాను. అక్కడ గుండె ఆపరేషన్ల వార్డు ఇస్తామన్నారు. ఆ పని నేర్చుకోవాలి. రెండేళ్లు. నువ్వు ఒప్పుకోకపోయినా వెళ్తాను బావా. ఒప్పుకుంటే ఏడవకుండా వెళ్తాను.

సెప్టెంబరు మూడున విమానం, ఒకటిన ఇక్కడ రైలు. వస్తావా?

నీ లీలారాణి

విజయనగరం,
ఆగస్టు 20

బావా,

జవాబు లేదు. లారీ ఆఫీసుకు ఫోన్ చేస్తే లోడుతో రాయపూర్ వెళ్లావన్నారు. పెట్టె సర్దేశాను. నేను మొండిదాన్నని పెళ్లికి ముందే చెప్పాను కదా.

లీల

సాలూరు,
ఆగస్టు 26

ప్రియమైన లీలా,

నీతో అబద్ధమాడాను. గడియారాల తేడా నాకు తెలుసు. ఇమ్మానుయేలు మావ పదేళ్లు మస్కట్‌లోనే ట్రైలర్ నడిపాడు. మేం తిని కూర్చున్నాక ఫోన్ చేసి, "మాకింకా బోజనాలవనేదురా" అనేవాడు. నన్ను వదిలి వెళ్లకని రాయడానికి సిగ్గేసి, నెపం ఘాట్ మీదికి నెట్టాను.

నీ ఉత్తరం లారీలో కూర్చుని నాలుగుసార్లు చదివాను. 'ఒప్పుకోకపోయినా' అన్నచోట కోపమొచ్చింది. 'ఏడవకుండా' అన్నచోట పోయింది. రాయపూర్ నుంచి దిగిన మర్నాడే విశాఖ వెళ్లి పాస్‌పోర్టుకు అప్లై చేశాను.

ఒకటిన స్టేషన్లో ఉంటాను. హైదరాబాద్ దాకా నీ పెట్టె నేనే మోస్తాను. క్రిస్మస్‌కు నీకు సెలవివ్వరు, నేనే వస్తాను. సాలూరు నుంచి విజయనగరం రావడానికే నాకు రెండు గంటలు పడుతుంది. మస్కట్‌కైతే గంటా నలభై నిమిషాలే.

ఈసారి నా లెక్క దిద్దకు.

నీ బెన్హర్