కత్తెరరాజు, నా ఐసు వ్రతం

సోమవారం ఉదయం
ల్యాబ్‌లో మా గైడ్ మేడమ్ కొత్త సీసా చేతిలో పెట్టారు! బొటనవేలంత ఉంది. లోపల సెరీన్ ప్రొటియేజ్. మనిషి జన్యువుని బ్యాక్టీరియాలో పెట్టి చేయించిన ఎంజైము. ప్రొటీన్లని కత్తిరించడం దీని వృత్తి. వెచ్చగా వదిలేస్తే తనని తానే కత్తిరించుకోవడం దీని బలహీనత. సీసా మీద "పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు" అని ఉంది. మనిషిదే, మనుషులకి పనికిరాదు! మా అన్నయ్య గుర్తొచ్చాడు.

"పాత సీసా బల్ల మీద వదిలేసి చంపేశావు. ఇదీ పోతే ప్రాజెక్టు మీ సీనియర్‌కి ఇచ్చేస్తా" అన్నారు మేడమ్.

సీనియర్ అక్క అప్పుడే చేతులకి గ్లవ్స్ తొడుక్కుంటోంది.

ఎంజైముకి పేరు పెట్టాను: కత్తెరరాజు. ప్రతిజ్ఞ: చిన్న గొట్టాల్లోకి పంచి ఫ్రీజర్‌లో పెడతాను. ఒకసారికి ఒక్క గొట్టమే బయటికి. అదీ ఐసులోనే. మిగిలింది పారబోస్తాను, మళ్ళీ గడ్డకట్టించను. ఎంత క్రమశిక్షణ! నాకే దిష్టి తగిలేలా ఉంది.

మంగళవారం
జెల్ పరీక్షలో ఒక్క గీతగా కనిపించే ప్రొటీను ముక్కలై రెండు గీతలైంది! కత్తిరించాడు నా రాజు! గెంతాను.
"ఒరేయ్, బీకర్లు పడతాయ్!" అంది అక్క.

బుధవారం
గొట్టంలో సగం మిగిలింది. పారబోయడానికి చెయ్యి రాలేదు. మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టాను. ఇది నియమం తప్పడం కాదు, పొదుపు.

గురువారం
ఐసు మెషిన్ కింది అంతస్తులో. లిఫ్టు పాడు. గ్లాసుడు చన్నీళ్ళతో సరిపెట్టాను. ఐసంటే ఏంటి, పట్టుదల ఉన్న నీళ్ళే కదా!
"అది ఎంజైమా, టీలో ముంచే బిస్కట్టా?" అంది అక్క.
"నీకు కుళ్ళక్కా."

శుక్రవారం ఉదయం
ఒక్కో గొట్టానికీ తలుపు తీస్తుంటే పాపం ఫ్రీజర్‌కి ఎంత కష్టం! గొట్టాలున్న పెట్టె మొత్తం బయటికి తెచ్చేశాను.

మధ్యాహ్నం
పక్క ల్యాబ్ వాడి థీసిస్ పాసైంది! క్యాంటీన్‌లో పండగే పండగ! పెట్టె... కిటికీ పక్కన ఉంది. ఎండలో. ఏం కాదు. మనిషి ఎంజైమే కదా, వెచ్చదనం దానికి పుట్టిల్లు. హాయిగా ఉండుంటాడు.

సాయంత్రం
ఒక్కటే గీత. లావుగా, చెక్కుచెదరకుండా, నన్ను వెక్కిరిస్తూ. అన్ని గొట్టాలూ చూశాను. పెట్టెడు కత్తెరరాజులు తమని తామే తినేశారు.

శనివారం
మేడమ్‌కి చెప్పేశాను. అరవలేదు. అరిచినా బాగుండేది. అక్కని పిలిచి, "ఇక నువ్వే చెయ్యమ్మా" అన్నారు.
అక్క నా మొహం చూసింది. "చేస్తా మేడమ్. కానీ వీణ్ణి నాకివ్వండి. ఐసు డబ్బా పట్టుకుని నా పక్కన నిలబడతాడు."
"నిలబడతాడా?"
"నిలబడతాను మేడమ్!" అన్నాను. గొంతు కొంచెం వణికింది. చలికి.

ఆదివారం
కొత్త ప్రతిజ్ఞ! రేపటి నుంచి ఐసు డబ్బా మోయడంలో నన్ను మించినవాడు ఉండకూడదు. అక్క ఎటు తిరిగితే డబ్బా అటు! చేతులు మొద్దుబారితే మాత్రం కాసేపు కింద పెట్టొచ్చు. ఈ సంగతి నియమాల్లోనే రాసేసుకుంటున్నాను, తర్వాత గొడవ లేకుండా.