అడిగి తెచ్చిన కుర్చీల గురించి

గౌరవనీయులైన తహసీల్దార్ గారికి,

అయ్యా,

విషయం: మా ఇంట్లో కుర్చీలు, కూలర్ ఉన్నాయని రేషన్ కార్డు రాకపోవుట – అవి మావి కాకపోవుట – మళ్ళీ విచారణ చేయించుట గురించి.

ముందుగా నా చేతిరాతకు, అక్షరాల తప్పులకు మన్నించాలి. ఆరో తరగతితో బడి మానేసినదాన్ని. ఆఫీసు గేటు దగ్గర అర్జీలు రాసే పెద్దమనిషి ఉన్నాడు. కానీ ఈ సంగతి ఆయనకు నోటితో చెప్పడానికి సిగ్గయి నేనే రాస్తున్నాను.

1. మేము సిద్దిపేటలో ఒక్క గది కిరాయికి తీసుకొని ఉంటున్నాము. నేను, మా అత్త పోచవ్వ, నా బిడ్డ. మా ఆయన భివండిలో మరమగ్గాల మీద పని చేస్తాడు. ఆయన పంపేది కిరాయికి, బియ్యానికే అయిపోతున్నది. గ్యాసు ఆదా కావాలని పొద్దున ఒక్కసారే వండుతున్నాను. నూనె కొన్న వారం పప్పు కొనను. మా అత్త బీపీ గోళీలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నది. డాక్టరు అట్ల చెప్పలేదు.

2. కార్డుకు దరఖాస్తు పెట్టుకొనగా, విచారణకు సారు వస్తారని కబురు వచ్చింది. అది విని మా అత్త ఇంటి ఓనరు పద్మమ్మ దగ్గరికి పోయి కుర్చీలు, కూలర్, పూల కప్పులు అడిగి తెచ్చింది.

"అత్తమ్మా, సారు మన కష్టం చూడనీకి వస్తుండు. కుర్చీలెందుకు?" అన్నాను.

"మీ మామ మగ్గం నేసేటప్పుడు మనింటికి ఎవరొచ్చినా కింద కూసున్నరా? సర్కారు మనిషిని చాప మీద కూసోబెడ్తవా? పో, చాయ్ పెట్టు."

సారు వచ్చి కూలర్ గాలికి కూర్చొని చాయ్ తాగారు. "ఏమవ్వా, ఇబ్బందులేమన్న ఉన్నయా?" అని అడిగారు.

"మాకేం తక్కువ బిడ్డా, అంతా మంచిగనే ఉన్నం" అన్నది మా అత్త.

నేను తలుపు వెనక ఉన్నాను. కొత్తవాళ్ల ముందు నాకు మాట రాదు. సారు రాసుకొని పోయారు. కుర్చీలు వాపసు ఇచ్చేశాము. తర్వాత, కుటుంబం ఆర్థికంగా బాగున్నందున దరఖాస్తు తిరస్కరించడమైనది అని తెలిసింది.

3. సారు తప్పు లేదు, చూసింది రాశారు. మా అత్త తప్పు కూడా లేదు. ఇంటికి వచ్చిన మనిషికి మాకు తిండి చాలడం లేదని ఎవరు చెప్తారు? తమరి ఇంటికి ఎవరన్నా వస్తే తమరు చెప్తారా?

4. కుర్చీలు ఇచ్చిన పద్మమ్మకు మూడంతస్తుల ఇల్లుంది, కార్డు కూడా ఉంది. కుర్చీలు అడిగి తెచ్చుకున్న మాకు లేదు. ఆమె కార్డు మీద వచ్చే బియ్యం ఆమె తినదు. అవి ఆమె దగ్గర నేనే కొనుక్కుంటాను. ఇది రాసినందుకు గది ఖాళీ చేయమన్నా సరే, ఉన్నది రాశాను.

5. కావున మళ్ళీ విచారణ చేయించాలి. కబురు పెట్టకుండా రావాలి. ఈసారి చాప వేస్తాను, మంచినీళ్లు ఇస్తాను. తలుపు వెనక నిలబడను. అన్నం గిన్నె మూత నేనే తీసి చూపిస్తాను. దయ చూపమని అడగడం లేదు, మాకు రావలసినది అడుగుతున్నాను. మళ్ళీ కాదంటే, ఎందుకు కాదో నా ముఖం చూసి చెప్పాలి. చెప్పేదాకా ప్రతి సోమవారం వచ్చి తమరి ఆఫీసులో నిలబడతాను. నాకు కుర్చీ వేయనక్కర లేదు.

ఇదంతా చిత్తగించవలెను, చిత్తగించి మా గదికి రావలెను.

తమ విధేయురాలు,
హర్షిణి
(ఓంప్రకాశ్ భార్య), సిద్దిపేట

తా.క.: ఈ అర్జీ సంగతి మా అత్తకు తెలియదు. కార్డు మేమే వద్దన్నామని ఆమె గల్లీలో చెప్పుకుంటున్నది. మా ఇంట్లో చాప తప్ప ఏమీ లేదని కోడలు కాగితం మీద పెట్టిందంటే తట్టుకోలేదు. కాబట్టి దీన్ని కాల్చేయండి. కానీ కార్డు నా చేతికి వచ్చినంకనే. అప్పటిదాకా తమరి బల్ల మీద, కంటికి కనపడేటట్టు పెట్టుకోండి.